ఇంట్లో పిల్లలకు మంచి మాదిరిగా ఉండలేకపోయిన తండ్రి మళ్ళీ ఎక్కడ మొదలుపెట్టాలి?

గుడారాల_మేస్త్రి
మా అబ్బాయికి 14 ఏళ్ళు, అమ్మాయికి 9 ఏళ్ళు. 12 ఏళ్ళుగా మా సంఘంలో సండే స్కూల్ పిల్లలకు బోధిస్తున్నాను. 3 ఏళ్ళ క్రితం సంఘ పెద్దలలో ఒకడిగా కూడా నన్ను ఎన్నుకున్నారు. పోయిన వారం ఒక రాత్రి కుటుంబ ప్రార్థనకు పిలిస్తే మా అబ్బాయి గదిలోనుండి రాలేదు. రెండోసారి గట్టిగా పిలిచాను. అప్పుడు వాడు గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడి, కోపం లేకుండా, చాలా నెమ్మదిగా ఒక మాట అన్నాడు: "సండే స్కూల్లో మీరు మాట్లాడే గొంతు మాకు ఇంట్లో వినబడదు నాన్నా."

వాడు అబద్ధం చెప్పలేదు. ఆ సాయంత్రం తాళంచెవి కనబడలేదని పిల్లల ఎదుటే నా భార్యను నోటికి వచ్చినట్లు మాట్లాడాను. గంట గడవకముందే అదే నోటితో ప్రార్థనకు రమ్మని పిలిచాను. ఇటువంటి సాయంత్రాలు ఎన్ని గడిచాయో నాకంటే వాడికే బాగా గుర్తున్నట్లుంది.

నా ప్రశ్నలు రెండు. మొదటిది, వాడు రానంటున్నప్పుడు కుటుంబ ప్రార్థనకు బలవంతం చేయాలా, వదిలేయాలా? రెండోది నన్ను ఎక్కువగా వేధిస్తున్నది. పిల్లలను క్షమాపణ అడగాలని మనసులో ఉంది, కానీ ఒకసారి అడిగిన తరువాత తండ్రిగా నా మాటకు ఇంట్లో విలువ మిగులుతుందా? ఇదివరకు ఈ దారిలో నడిచినవారు చెప్పండి.

పాత_పడవ
నేను పెద్దవాడిని, ముగ్గురు పిల్లలను పెంచాను కాబట్టి సూటిగా చెబుతున్నాను. మీ తప్పును దేవుని ఎదుట ఒప్పుకోండి, కోపం మానండి, అంతవరకు సరే. 14 ఏళ్ళ పిల్లవాడి ముందు తండ్రి చేతులు జోడిస్తే మాత్రం రేపు వాడిని దిద్దవలసి వచ్చినప్పుడు ఏ ముఖంతో దిద్దుతారు? బైబిల్లో యాజకుడైన ఏలీ సంగతి గుర్తుంచుకోండి. తన కుమారుల దోషం తెలిసి కూడా వారిని అడ్డగించలేదని 1 సమూయేలు 3:13 చెబుతోంది. మెత్తని తండ్రి వల్ల ఇల్లు కూలిన కథ అది.

ఒలీవ_నీడ
పాత_పడవ గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. 3వ అధ్యాయానికి ముందు 2వ అధ్యాయం చదవండి. ఏలీ తన కుమారులను మందలించాడు, 2:23 నుండి ఆ మాటలు ఉన్నాయి. ఆ మందలింపు వారికి ఎందుకు తగలలేదో 2:29లో దొరుకుతుంది: ప్రజలు తెచ్చిన నైవేద్యాలలో శ్రేష్ఠమైన వాటితో "మిమ్మును" క్రొవ్వబెట్టుకున్నారని దేవుడు ఏలీని కూడా కలిపి అంటున్నాడు. కుమారులు దొంగిలించిన దానిలో తండ్రికీ భాగం ఉంది. కాబట్టి ఏలీ మాట పడిపోయింది మెత్తదనం వల్ల మాత్రమే కాదు, తన భాగాన్ని తాను ఒప్పుకోకుండా పిల్లల భాగాన్ని మాత్రమే ఎత్తిచూపినందువల్ల కూడా అని నాకు అనిపిస్తుంది.

వెనుక_బెంచీ
ఆ 29వ వచనంలోని బహువచనం ఇన్నేళ్ళలో నా కంట పడలేదు. ఇప్పుడే తీసి చూశాను.

నలుగురి_నాన్న
రెండో ప్రశ్నకు జవాబు నేను అనుభవించి చెప్పగలను. మా పెద్దమ్మాయికి 7 ఏళ్ళప్పుడు, చెల్లెలు చేసిన తప్పుకు దాన్ని కొట్టాను. నిజం తెలిసిన తరువాత కూడా రెండు రోజులు ఏమీ ఎరగనట్టు తిరిగాను, ఒక బొమ్మ కొనిచ్చి సరిపెట్టాలని చూశాను. అది ఆ బొమ్మను ముట్టుకోలేదు. మూడో రోజు నేల మీద దాని ఎత్తుకు కూర్చుని, "నేను తప్పు చేశాను, నువ్వు చెయ్యలేదు, నన్ను క్షమిస్తావా" అని అడిగాను.

అప్పుడు నేర్చుకున్న సంగతి ఇది. క్షమాపణలో "కానీ" అనే మాట రాకూడదు. "నేను అరిచాను, కానీ నువ్వు కూడా వినలేదు" అంటే అది రెండో మందలింపు అవుతుంది. "మీకు బాధ కలిగి ఉంటే" అని కూడా అనకూడదు, ఎందుకంటే బాధ కలిగిందని మనకు తెలుసు. చేసిన పనిని దాని పేరుతోనే చెప్పాలి: అరిచాను, అవమానించాను, అన్యాయంగా కొట్టాను. చివరగా, క్షమించమని అడిగి ఊరుకోవాలి. వెంటనే జవాబు రావాలని, కౌగిలించుకోవాలని ఎదురుచూస్తే ఆ బరువు మళ్ళీ పిల్లల మీదే పడుతుంది.

నా మాటకు విలువ తగ్గలేదు. ఆ అమ్మాయి 15 ఏళ్ళప్పుడు పరీక్షలో చూసి రాశానని తనంతట తానే వచ్చి చెప్పింది. ఎందుకు చెప్పావని నేను అడగలేదు, ఆ రోజు నేల మీద కూర్చోవడం ఇద్దరికీ గుర్తుంది.

పాత_పడవ
నలుగురి_నాన్న గారి సాక్ష్యం కాదనను. అయినా నా భయం వేరే చోట ఉంది. వారానికొకసారి అరిచి వారానికొకసారి క్షమాపణ అడిగే తండ్రిని కూడా చూశాను. ఆ ఇంటి పిల్లలు పశ్చాత్తాపం అంటే ఏడ్చి మళ్ళీ మొదటికి రావడమే అని నేర్చుకున్నారు. సుంకం వసూలు చేసే జక్కయ్య యేసు ఎదుట మాటతో ఆగలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19:8). తిరిగి ఇవ్వడం లేని ఒప్పుకోలు కంటే మౌనంగా మారడం మేలని నా అభిప్రాయం.

ఒలీవ_నీడ
ఈ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, చివరి వాక్యం తప్ప. మౌనంగా మారితే, జరిగింది తప్పు అని పిల్లలకు ఎవరు చెబుతారు? భార్యను అవమానించడం మగవాడికి మామూలే కాబోలు అని ఆ అబ్బాయి, పడి ఉండడమే తన వంతు కాబోలు అని ఆ అమ్మాయి అనుకుంటూ పెరగరా?

లేఖన_శోధకుడు
ఎఫెసీయులకు 6:4 ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. పిల్లలకు కోపం రేపవద్దని, ప్రభువు యొక్క "శిక్షలోను బోధలోను" పెంచమని అందులో తండ్రులకు ఆజ్ఞ ఉంది. ఈ "శిక్ష" అనే మాట దగ్గర మనలో చాలామంది తప్పుదారి పడుతున్నారు. ఈనాటి వాడుకలో శిక్ష అంటే దండన మాత్రమే. పాత తెలుగులో, సంస్కృతంలో ఆ మాటకు నేర్పడం, తర్ఫీదు ఇవ్వడం అనే అర్థం ఉంది, శిక్షణ అనే మాట అక్కడినుండే వచ్చింది. గ్రీకులో ఉన్న మాట పైదెయా, అంటే బిడ్డను తీర్చిదిద్దే పని అంతా. దిద్దుబాటు అందులో ఒక భాగం, అదే మొత్తం కాదు.

పౌలు ఈ మాట రాసిన రోజుల్లో రోమా చట్టం ఇంటి యజమానియైన తండ్రికి తన బిడ్డల మీద ప్రాణం తీసే అధికారం వరకు ఇచ్చింది. పిల్లల విధిని గూర్చి చెప్పడం ఆ కాలపు వారికి కొత్త కాదు. తండ్రికి హద్దు గీసి, నీ బిడ్డకు కోపం పుట్టించవద్దని చెప్పడమే వారు ఆగి వినవలసిన మాట. కొలొస్సయులకు 3:21లో కారణం కూడా చెప్పాడు: వారి మనస్సు క్రుంగిపోకూడదని. గుడారాల_మేస్త్రి గారూ, మీ అబ్బాయి కోపం లేకుండా నెమ్మదిగా చెప్పాడని రాశారు. నాకు ఆ నెమ్మదే ఎక్కువ ఆందోళన కలిగించింది. కోపంతో అరిచే పిల్లవాడు ఇంకా తండ్రినుండి ఏదో ఆశిస్తున్నాడు. నెమ్మదిగా చెప్పేవాడు ఆశ వదులుకునే దారిలో ఉండవచ్చు. ఆలస్యం చేయకండి.

రాతి_పునాది
మరి బెత్తము వాడనివాడు తన కుమారునికి విరోధి అని సామెతలు 13:24 చెబుతోంది కదా. ఈ చర్చ అంతా ఒకవైపే నడుస్తోంది.

లేఖన_శోధకుడు
రాతి_పునాది గారూ, ఆ వచనాన్ని నేను పక్కన పెట్టడం లేదు, అందులో దిద్దుబాటు ఉంది, అది ప్రేమలోనుండి వచ్చేదని కూడా అక్కడే ఉంది. ఒక్క సంగతి గమనించండి. హెబ్రీలో అక్కడ బెత్తానికి వాడిన మాట షేబెత్. 23వ కీర్తనలో కాపరి చేతిలో ఉండి గొఱ్ఱెను ఆదరించే దుడ్డుకఱ్ఱకు కూడా అదే మాట. కాపరి కఱ్ఱను చూసి గొఱ్ఱెకు ధైర్యం రావాలి. మన చేతిని చూసి మన బిడ్డకు ఏమి వస్తోందన్నది మనమే పరీక్షించుకోవాలి. పైగా ఇక్కడ తప్పు చేసింది అబ్బాయి కాదు.

గాలిపటం_దారం
నేను తండ్రిని కాదు, ఒక పాస్టర్ గారి కూతురిని. పిల్లల వైపునుండి ఒక మాట చెప్పవచ్చా?

మా నాన్నగారు ప్రతి ఆదివారం ఆరాధన అయిన తరువాత ఇంటికి వచ్చి నన్ను, అన్నయ్యను వరుసగా అడిగేవారు: ఈ రోజు వాక్యభాగం ఏది, ముఖ్యాంశాలు ఎన్ని, నువ్వు ఏమి నేర్చుకున్నావు. చెప్పలేకపోతే ఆ మధ్యాహ్నమంతా ఆయన ముఖంలో నిరాశ కనబడేది. అన్నయ్యకు ఈ రోజుకీ దేవుడు అంటే ఆ ప్రశ్నలే గుర్తొస్తాయి, మందిరానికి రావడం మానేసి చాలా ఏళ్ళయింది. నేను నిలిచాను. దానికి ఆ ప్రశ్నలు కారణం కావు. ఒక తెల్లవారుజామున దాహం వేసి లేచి వెళ్తే ముందు గదిలో చీకట్లో నాన్నగారు మోకాళ్ళ మీద ఉన్నారు. సంఘంలో వినిపించే పెద్ద గొంతు కాదు, ఎవరో తెలియని మనిషి గొంతులా సన్నగా ఉంది. "నా పిల్లలతో ఎలా మాట్లాడాలో నాకు రావడం లేదు ప్రభువా, నాకు నేర్పు" అంటున్నారు. నేను నీళ్ళు తాగకుండానే వెనక్కి వెళ్ళి పడుకున్నాను.

అన్నయ్య ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. నాన్నగారు ఆ ప్రార్థనను ఒక్కసారైనా మా ఇద్దరి ఎదుట చేసి ఉంటే బాగుండేదని ఈ రోజుకీ అనుకుంటాను. గుడారాల_మేస్త్రి గారూ, మీ అబ్బాయి అడుగుతున్నది కూడా అదే కావచ్చు. వాడికి సండే స్కూల్ గొంతు అక్కరలేదు, మీ అసలు గొంతు కావాలి.

వెనుక_బెంచీ
దీని తరువాత కొంతసేపు ఏమీ రాయలేకపోయాను.

ఇద్దరు_కవలలు
మొదటి ప్రశ్న మరుగున పడిపోయింది. మా ఇంట్లో కుటుంబ ప్రార్థన ఒకప్పుడు 40 నిమిషాలు సాగేది, అందులో 30 నిమిషాలు నేనే మాట్లాడేవాడిని. ఇప్పుడు 10 నిమిషాలు. వాక్యం పిల్లలు చదువుతారు, ఒకరోజు పాట వాళ్ళే ఎంచుకుంటారు, అర్థం కానిది అడుగుతారు, నాకు తెలియకపోతే తెలియదంటాను. ద్వితీయోపదేశకాండము 6:7లో ఇంట కూర్చున్నప్పుడు, త్రోవన నడిచేటప్పుడు, పడుకొనేటప్పుడు, లేచేటప్పుడు అని నాలుగు సమయాలు ఉన్నాయి. వాటిలో ఏదీ కూటం కాదు, అన్నీ బ్రతుకు మధ్యలోనివే. అంతకు ముందు 6వ వచనంలో ఈ మాటలు ముందు "నీ హృదయములో" ఉండాలని ఉంది. మనం ఆ వచనం దాటేసి నేరుగా బోధకు వెళ్ళిపోతాం.

రాతి_పునాది
అయినా రావాలా వద్దా అన్నది పిల్లల ఇష్టానికి వదలకూడదు. యెహోవానే సేవిస్తామని యెహోషువ తనతోపాటు తన ఇంటివారిని కూడా కలిపి చెప్పాడు (24:15).

ఇద్దరు_కవలలు
సమయం ఉంటుంది, అందరూ కూర్చుంటారు, ఆ మాట తండ్రి చెప్పవచ్చు. నోరు విప్పి ప్రార్థించమని మాత్రం బలవంతం చేయకూడదు, ఎందుకంటే అలా బలవంతాన పలికించిన ప్రార్థన తండ్రికి వినిపించడానికే అవుతుంది.

యునీకే_అడుగుజాడ
నేను ఒంటరి తల్లిని, మా ఇంట్లో మాదిరి చూపించే తండ్రి లేడు. తన శిష్యుడైన తిమోతి విశ్వాసం గురించి చెప్పేటప్పుడు పౌలు అతని అవ్వ లోయిని, తల్లి యునీకేని తలుచుకున్నాడు (2 తిమోతి 1:5). తండ్రి గ్రీసు దేశస్థుడని అపొస్తలుల కార్యములు 16:1లో ఉంది, అంతకు మించి ఏమీ లేదు. ఆ ఖాళీలో పౌలు నిలబడి తిమోతిని నా కుమారుడా అని పిలిచాడు. ఇక్కడ ఉన్న తండ్రులకు ఒక మనవి. మీ పిల్లలతో ఎక్కడికైనా వెళ్ళేటప్పుడు సంఘంలో తండ్రి లేని ఒక బిడ్డను కూడా వెంట తీసుకువెళ్ళండి. బోధించనక్కరలేదు, మీరు మీ భార్యతో, పిల్లలతో ఎలా మాట్లాడతారో వాడు చూస్తే చాలు.

నలుగురి_నాన్న
చెల్లెమ్మా, ఈ మాట మాకు ఎప్పుడో తట్టవలసింది. ఈ ఆదివారమే మా సంఘంలో అటువంటి కుటుంబాలతో మాట్లాడతాను.

దూరం_నుండి_చూస్తూ
చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. ఒక విన్నపం. మంచి మాదిరి చూపిస్తే పిల్లలు తప్పకుండా విశ్వాసంలో నిలుస్తారని దయచేసి ఎవరికీ వాగ్దానం చేయకండి. మా కుమారుడు 19వ ఏట ఇల్లు విడిచాడు, 6 ఏళ్ళుగా మాటలు లేవు. బాలునికి నడవవలసిన త్రోవ నేర్పితే పెద్దయ్యాక కూడా దానినుండి తొలగడనే సామెతలు 22:6ను ఈ మధ్య కాలంలో ఎన్నిసార్లు నా ముఖం మీద వేశారో లెక్క లేదు. బాలుడు తొలగిపోయాడంటే నేర్పినవాడు సరిగ్గా నేర్పలేదన్నమాట, అని.

సామెత జీవితం సాధారణంగా నడిచే తీరును చెబుతుంది, అది పూచీకత్తు కాదు. మానోహ తనకు పుట్టబోయే బిడ్డకు ఏమి చేయాలో నేర్పమని దేవుణ్ణి వేడుకున్నాడు (న్యాయాధిపతులు 13:8), తండ్రిగా అంతకంటే మంచి ప్రార్థన నాకు తెలియదు. ఆ బిడ్డే తరువాత దారి తప్పిన సమ్సోను. ఏలీ ఇంటి పతనాన్ని కళ్ళారా చూసిన సమూయేలుకు కూడా లంచాలు పుచ్చుకునే కుమారులే మిగిలారు (1 సమూయేలు 8:3). దుష్టుడైన ఆమోను రాజుకు మాత్రం దేవుని మార్గంలో నడిచిన యోషీయా పుట్టాడు. నేను చేసిన తప్పులు ఉన్నాయి, వాటిని ఉత్తరంలో రాసి పంపాను. జవాబు లేదు. లూకా 15లోని తప్పిపోయిన కుమారుడి కథలో తండ్రి, కుమారుడు ఇంకా దూరముగా ఉండగానే చూశాడని చదివినప్పుడు, అంతకు ముందు ఆయన ఎన్ని సాయంత్రాలు ఆ త్రోవ వైపు చూసి ఉంటాడో అని మాత్రమే ఆలోచిస్తాను.

గుడారాల_మేస్త్రి గారూ, మీ అబ్బాయి ఇంకా గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడుతున్నాడు. దాన్ని చిన్న సంగతిగా తీసుకోకండి.

పాత_పడవ
దూరం_నుండి_చూస్తూ, మీ కుమారుడి కోసం ఈ రాత్రి మోకరిస్తాను. మా మూడోవాడు కూడా దూరంగానే ఉన్నాడు. ఆ సామెత మీ మీద విసిరినవారిలో నావంటి పెద్దలు ఉండి ఉంటారు, వారి తరఫున చింతిస్తున్నాను.

గుడారాల_మేస్త్రి
నాలుగు రోజుల తరువాత వస్తున్నాను. ప్రతి మాట రెండుసార్లు చదివాను.

ముందుగా నా భార్యను పిల్లల ఎదుటే క్షమాపణ అడిగాను, ఎందుకంటే తప్పు ఆమె పట్ల జరిగింది, వాళ్ళు చూస్తుండగా జరిగింది. "కానీ" అనే మాట రెండుసార్లు నాలుక చివరిదాకా వచ్చింది, ఆపుకున్నాను. తరువాత పిల్లలిద్దరినీ అడిగాను. పాప వెంటనే, "రేపు కూడా అరుస్తారా?" అంది. అరవనని చెప్పాలని ఉంది, కానీ అంత నమ్మకం నాకు లేదు. అరవకుండా ఉండడానికి సహాయం కోసం దేవుణ్ణి అడుగుతున్నానని, ఒకవేళ అరిస్తే తను వచ్చి నా చెయ్యి పట్టుకోవచ్చని చెప్పాను. నిన్న ఒకసారి పట్టుకుంది.

మా అబ్బాయి ఏమీ అనలేదు. ఆ రాత్రి రాలేదు, మరుసటి రాత్రి కూడా రాలేదు. మూడో రాత్రి వచ్చి తలుపు పక్కన కూర్చున్నాడు. ప్రార్థించలేదు, నేను అడగలేదు. 10 నిమిషాలకు ముగించాం.

పాస్టర్ గారితో కూడా మాట్లాడాను. 1 తిమోతి 3:5 నన్ను నిద్రపోనివ్వలేదు, తన ఇంటిని ఏలనేరనివాడు దేవుని సంఘాన్ని ఎలా చూసుకుంటాడని అక్కడ ఉంది. 3 నెలలు సండే స్కూల్ మరొకరు తీసుకుంటారు. పెద్దరికం విషయం ఆయన, మిగిలిన పెద్దలు కలిసి ఆలోచిస్తామన్నారు, ఏది చెప్పినా లోబడతాను. ఎందుకు మానేశారని మా అబ్బాయి అడిగితే నిజమే చెప్పాను.

పాత_పడవ
భార్యను ముందుగా అడగడం సరైన వరుస. సండే స్కూల్ విడవడంలో నేను అడిగిన జక్కయ్య కనబడ్డాడు. పిల్లలను అడగడం గురించి నా మనసు ఇంకా పూర్తిగా ఒప్పుకోవడం లేదు, అయినా పాప చెయ్యి పట్టుకుందన్న చోట చాలాసేపు ఆగాను.

లేఖన_శోధకుడు
మీ కోపం ఎప్పుడు వస్తుందో కూడా కొన్నాళ్ళు గమనించండి. అలసిపోయి ఇంటికి వచ్చిన మొదటి అరగంటలో మనలో చాలామంది జారిపోతాం. లోపలికి అడుగుపెట్టే ముందు బయటే రెండు నిమిషాలు నిలబడి ప్రార్థించడం నాకు అలవాటైంది. అది చిన్న పనే, కానీ మా ఇంటి సాయంత్రాలు మారాయి.

గాలిపటం_దారం
వాడు తలుపు పక్కన కూర్చున్నాడంటే చాలా దూరం నడిచి వచ్చాడని నాకు తెలుసు. తొందరపెట్టకండి.

ఒలీవ_నీడ
ఒక్క చిన్న ప్రశ్న. ఇంతకీ ఆ తాళంచెవి దొరికిందా?

గుడారాల_మేస్త్రి
దొరికింది. నా చొక్కా జేబులోనే ఉంది. ఆ రాత్రి ప్రార్థన అయిన వెంటనే చేతికి తగిలింది, ఎవరికీ చెప్పకుండా తీసి మేకుకు తగిలించాను. క్షమాపణ అడిగిన రోజు అది కూడా చెప్పాను. అప్పటిదాకా నేల వైపు చూస్తున్న మా అబ్బాయి, అది విని తల ఎత్తి నా వైపు చూశాడు.